అవసరం ముగిసే తేదీ

మనిషి ఏం పని చేశాడన్నదానికన్నా ఎక్కడ కూర్చుని చేశాడన్నదే ముఖ్యమని మానవజాతి కాస్త ఆలస్యంగా గ్రహించింది. అలా గ్రహించినవాళ్లలో హైదరాబాదులోని ఒక బీమా సేవల కంపెనీది ముందు వరస. గత జులైలో అది ‘సాన్నిధ్య విధానం’ ప్రకటించింది. ఇకపై ఉద్యోగులందరూ వారానికి మూడు రోజులు ఆఫీసులో భౌతికంగా ఉండాలి. (ఆత్మ సంగతి విధానంలో లేదు.)

ఆ ప్రకటన వచ్చేసరికి కంపెనీ ఉద్యోగిని కెజియా పలాసలో, డయాలసిస్ వార్డు గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. ఆమెది మందస దగ్గర పల్లె. ఇంట్లో ఉండేది ఆమె, తండ్రి దేవదానం, ఇద్దరే. జీడితోటల్లో పనిచేసిన మనిషి, రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు, ఆయన రక్తం యంత్రంలోకి వెళ్లి వస్తుంది. ఆ నాలుగు గంటలూ కెజియా ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఎవరెవరివో ఆసుపత్రి కాగితాలు సరిచూస్తుంది. నాలుగేళ్లుగా ఇదే వరస. పోయినేడు ఉత్తమ ఉద్యోగిని జ్ఞాపిక కూడా వచ్చింది, కొరియర్‌లో.

విధానంలో దయ లేదని ఎవరూ అనలేరు. ఇంట్లో రోగి ఉన్నవారికి మినహాయింపు ఉంది. దాని దరఖాస్తును ఉద్యోగి స్వయంగా హైదరాబాదు వచ్చి, సాన్నిధ్య విభాగాధికారి మోహనకృష్ణ చేతికివ్వాలి. (ఆఫీసుకు రాలేనన్న మాట ఆఫీసుకొచ్చి చెబితేనే నమ్మకం కుదురుతుంది.)

తండ్రిని మేనత్త దోర్కాస్‌కు అప్పగించి కెజియా పలాసలో రైలెక్కింది. ఆఫీసులో పక్కపక్కనే కూర్చున్నవాళ్లు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒకరితో ఒకరు తెరల మీద మాట్లాడుకుంటున్నారు. రిసెప్షన్‌లో ఉన్న అశ్విని ఆమె కాగితం చూసి నొచ్చుకుంది.

“మోహనకృష్ణ సార్ ఇక్కడ ఉండరండీ. ఆయనది వర్క్ ఫ్రమ్ హోమ్.”

“ఇల్లెక్కడండీ?”

“టెక్కలి అట. చాలా దూరం. మీకు తెలుసా ఆ ఊరు?”

“తెలుసండీ,” అంది కెజియా. పలాస నుంచి బస్సులో గంట కూడా పట్టదు.

(విధానాన్ని అమలు చేసే విభాగానికి విధానం వర్తించదు. రోజూ రాకపోకలు పెట్టుకుంటే ఇక అమలు చేయడానికి తీరికెక్కడిది?)

రెండు రోజుల తర్వాత టెక్కలిలో ఆ ఇంటి తలుపు తీసింది మోహనకృష్ణ తల్లి బొడ్డమ్మ.

“లోపల మీటింగమ్మా. ఆఫీసుకి రాలేదని ఎవుల్నో తిడతన్నాడు. కూకో, టీ తెత్తాను.”

మీటింగు ముగించుకుని మోహనకృష్ణ వచ్చాడు. నడుం పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. దరఖాస్తు చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“ఇది తీసుకోలేనండీ కెజియాగారూ. ఇది ఇల్లు. ఆఫీసు కాదు.”

“ఆఫీసుకెళ్తే మీరు ఇంట్లో ఉన్నారన్నారు సార్.”

“అదీ నిజమే,” అన్నాడాయన నిజాయితీగా.

బొడ్డమ్మ టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. “ఏట్రా నిజం? ఆ గుంట అయ్యకి డయాలసిసంట. మన ఈదిలో నలుగురికుంది ఆ జబ్బు, నువ్వెరగవేటి? పుచ్చుకో బేగి.”

“అమ్మా, రూలే అది,” అంటూనే ఆయన కాగితం పుచ్చుకున్నాడు. ఫొటో తీసి కంపెనీ సైటులో ఎక్కించాడు. అక్కడి ఫారం ఒక్క గడి దగ్గర ఆగింది. ‘అవసరం ముగిసే తేదీ.’ నింపక తప్పదు.

అవసరం ఎలా ముగుస్తుందో గదిలోని ముగ్గురికీ తెలుసు. కెజియా తండ్రికి ఫోన్ చేసింది.

“ప్రభువు రెండో రాకడని రాసీయే,” అన్నాడు దేవదానం. “ఆ దినం ఎవులికీ తెల్దు గదా, మరడగరు.”

ఆ గడి మాత్రం ఆరు నెలలు దాటిన తేదీని ఒప్పుకోలేదు. మోహనకృష్ణ తల దించుకుని డిసెంబరు 31 నొక్కాడు. మినహాయింపు మంజూరైంది.

జనవరి రెండున తండ్రి చేతికి సూదులు పెట్టి నర్సు అటు తిరిగేసరికి సందేశం వచ్చింది. కెజియా పైకే చదివింది. “మీ ఇంటి అవసరం విజయవంతంగా ముగిసినందుకు అభినందనలు. సోమవారం నుంచి ఆఫీసులో మీ సాన్నిధ్యం కోసం ఎదురుచూస్తుంటాం.”

దేవదానం యంత్రం వంక చూశాడు. “ముగిసిపోనాదంటా? పొద్దున్నే సెప్పుంటే ఈయాల బస్సెక్కకపోదుం గదే.”

కెజియా నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే కళ్లు తుడుచుకుని మోహనకృష్ణకు ఫోన్ చేసింది.

“తేదీ మార్చాలంటే దరఖాస్తు హైదరాబాదులోనే ఇవ్వాలండీ. ఈసారి నేను ఎక్కిస్తే పట్టుకుంటారు,” అన్నాడాయన. ఫోన్ పెట్టేయబోతూ, “మీ నాన్నగారెలా ఉన్నారని మా అమ్మ అడగమంది,” అన్నాడు.

“ఉన్నారండీ,” అంది కెజియా.

“ఆలోసించుకోయే, నాకోసం ఉద్యోగం మానీకు,” అన్నాడు తండ్రి. ఆమె ఆలోచిస్తూనే లాప్‌టాప్ తెరిచింది. యంత్రం ఇంకా మూడు గంటలు తిరగాలి.

రాజీనామాకు మాత్రం కంపెనీ ఉద్యోగులను ఎక్కడికీ రమ్మనదు. ఎక్కడ కూర్చునైనా ఇవ్వవచ్చు. నాలుగు నిమిషాల్లో ఆమోదం వచ్చింది.