పరీక్ష నిమిత్తం

"వాహనం ఎక్కిన ప్రతి మనిషికీ క్షేమంగా దిగే హక్కు ఉంది."

ఈ మహావాక్యాన్ని రచించి, ఫ్రేము కట్టించి, ఆఫీసులో నాలుగు గదుల్లో వేలాడదీయించిన ఘనత వాహన భద్రతాధికారిది. ఆఫీసు బండి ఏది కుయ్యిమన్నా ఆయన వెంటనే ఆపించేసేవాడు. అందుకే సిబ్బంది చాటుగా బ్రేకుల సారు అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడానూ.

అలాంటాయన సొంత కారుకి వెనక ఎడమ చక్రం మూలగడం మొదలుపెట్టింది. వేగం పెంచితే మూలుగు కాస్తా హోరయ్యేది. బ్రేకుల సారు ముందు రేడియో పెట్టాడు. తర్వాత రేడియో గట్టిగా పెట్టాడు. మూడోవారం భార్య తెగేసి చెప్పింది.

"ఆ మోత ఆగేదాకా నేనూ పిల్లా మీ బండి ఎక్కం."

"అది మోత కాదు. కొత్త టైర్లు రోడ్డును పట్టుకునే చప్పుడు."

"టైర్లు మార్చి నాలుగేళ్ళయింది," అని కూతుర్ని తీసుకుని బస్టాపుకి నడిచింది.

ఇక తప్పక మెకానిక్ అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. ఆమె కారుని జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపింది. అది కదిలే పన్నులా ఊగింది.

"బేరింగ్ పోయిందండి. ఇలాగే తిప్పితే ఏదో ఒకరోజు చక్రం మీకంటే ముందు ఇంటికెళ్తుంది."

"కాస్త గ్రీజు పెడితే?"

"ఇది సీలు వేసిన బేరింగ్, గ్రీజు లోపలికి పోదు. డబ్బు మిగలాలంటే షోరూముకి వెళ్ళకుండా పార్టుల కొట్లో మంచి కంపెనీది తెచ్చుకోండి. పోయింది ఒక్కటే, ఒక్కటే మార్చుకోండి. సగానికి సగం మిగులుతుంది."

సగం మిగులుతుందంటే మిగతా సగం పోతుందనే కదా. ఆ సగమే బ్రేకుల సారు గుండెల్లో గుచ్చుకుంది.

మర్నాడు ఆఫీసు వెనక షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయిన కారు కంటబడింది. తన కారు మోడలే. పోయిన ఏడాది పెద్దాఫీసరుకి కొత్త కారు కావలసివచ్చింది. కొత్తది రావాలంటే పాతది పాడవ్వాలి. అది ఎంతకీ పాడవ్వకపోతే, 'బేరింగులు పూర్తిగా అరిగినవి, ప్రయాణికుల ప్రాణాలకు ముప్పు' అని బ్రేకుల సారే నివేదిక రాసి పాడుచేశాడు. అవెంత బాగున్నాయో ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

వెంటనే కాగితం తీశాడు. 'షెడ్డులోని వాహనపు వెనక ఎడమ బేరింగును పరీక్ష నిమిత్తం విప్పి తీసుకువెళ్ళడమైనది.' దాన్ని వాచ్‌మన్ చేతిలో పెట్టి, మెకానిక్‌ని పిలిపించి, బేరింగుని హబ్బుతో సహా విప్పించి తన కారుకి బిగించుకున్నాడు.

చక్రం నోరు మూసుకుంది. భార్యా కూతురూ మళ్ళీ కారెక్కారు. బ్రేకుల సారే నోరు మూసుకోలేకపోయాడు. పైసా ఖర్చు లేకుండా బేరింగ్ మార్చానని మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరికీ చెప్పాడు. ఎలాగని అడిగినవాళ్ళకి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని, అదీ చెప్పాడు.

పదిరోజులకి పెద్దాఫీసరు పిలిచాడు. బల్ల మీద పాత నివేదిక తెరిచి ఉంది.

"ప్రాణాలకు ముప్పు. ఇది మీరు రాసిందే కదా?"

"అవునండి."

"ఇప్పుడు మీ కార్లో తిరుగుతున్నది ఆ బేరింగే అంటున్నారు."

"అవునండి." బ్రేకుల సారుకి కళ్ళముందు సస్పెన్షన్ ఆర్డరూ, కింద సంతకమూ స్పష్టంగా కనిపించాయి.

"మరి ముప్పేమైనా కనబడిందా?"

ఉందంటే తెలివితక్కువవాడు. లేదంటే అబద్ధాలకోరు.

"ఇంకా పరీక్షలో ఉందండి," అన్నాడు.

పెద్దాఫీసరు లేచి తలుపు దగ్గరగా వేశాడు. గొంతు తగ్గించాడు.

"మా అల్లుడి బండీ అదే మోడలు. కుడివైపు మూలుగుతోందట. పరీక్షించాల్సిందేమైనా ఇంకా మిగిలిందా?"

పోయిన ప్రాణం లేచొచ్చింది. బ్రేకుల సారు పరుగులాంటి నడకతో షెడ్డుకి వెళ్ళాడు.

కారు నాలుగు ఇటుకల దొంతుల మీద నిలబడి ఉంది. చక్రాల్లేవు, బేరింగుల్లేవు, బ్యాటరీ లేదు, అద్దాల్లేవు. డ్రైవరు సీటు గోడవారగా ఉంది, అందులో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు.

"ఏవయ్యా, ఇవన్నీ ఎవరు పట్టుకుపోయారు?"

"పరీక్షకి వెళ్ళాయండి." వాచ్‌మన్ లేచి కాగితాల కట్ట అందించాడు. "అందరూ రాసే ఇచ్చారు."

అకౌంట్ల గుమాస్తా, స్టోర్ కీపరు, టైపిస్టు. అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం. పార్టు పేరు ఒక్కటే తేడా.

బ్రేకుల సారుకి ఒళ్ళు మండిపోయింది. అది నటన కాదు.

"సంస్థ ఆస్తిని ఇలా పంచుకు తింటారా? మనిషన్నాక కాస్తయినా సిగ్గుండాలి." అక్కడే నిలబడి, కారు బానెట్ మీద కాగితం పెట్టి, రెండు పేజీల ఫిర్యాదు రాశాడు. 'ఈ దొంగల్లో ఒక్కరినీ వదలరాదు' అని ముగించి సంతకం చేశాడు.

వాచ్‌మన్ దాన్ని వినయంగా అందుకున్నాడు. కట్ట విప్పి, ఒక్కో కాగితం సర్దడం మొదలుపెట్టాడు.

"ఇవన్నీ ఫిర్యాదుకి జత చెయ్యాలి కదండీ. తారీఖుల ప్రకారం పెడుతున్నా. అప్పుడు మీదే మొదట వస్తుంది, పరవాలేదా?"