ఎనిమిది చరణాల చెమట

"ఇన్నేండ్ల సంది తడికె చాటున తానం జేస్తున్న. గోడలు లేసినయని సంబరపడితే, గిప్పుడు అండ్ల రాళ్లు గాల్చి పెడతనంటున్నవ్! ఇద్దరు ఆడపిల్లలున్న ఇల్లు గాదా ఇది?"

నాలుగు రోజులుగా పొయ్యి అంటుకోకముందే ఈ గొడవ అంటుకుంటోంది. చిల్కానగర్‌లోని ఆ ఇంటి వెనక కొత్తగా లేచిన ఇటుకల గది సారమ్మ లెక్కలో స్నానాలగది. ఆమె భర్త దేవానందం లెక్కలో అది 'సౌనా'.

అతను పనిచేసే నాచారం కార్ఖానాలో కొత్త మిషను బిగించడానికి మంచుదేశం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. దేవానందం నడుం పట్టుకుని వంగడం చూసి తమ దేశపు వైద్యం చెప్పాడు. గదిలో రాళ్ల వేడికి చెమట పట్టేదాకా కూర్చోవాలి, బయటికొచ్చి చన్నీళ్లు పోసుకోవాలి, కాసేపు నడుం వాల్చి మళ్లీ వెళ్లాలి. కడుపు నిండా తిని కూర్చోకూడదు. తల తిరిగితే ఒక్క క్షణం ఆగకూడదు. అన్నిటికంటే ముఖ్యం సమయం. తక్కువైతే లాభం లేదు, ఎక్కువైతే ప్రమాదం.

"ఎండకాలం మన రేకుల కింద కూసుంటే రాని చెమటనా? దానికి ఇంజనీరు జెప్పాల్నా?" అంది సారమ్మ.

"ఒక్కసారి సూడనియ్యి. టైముకు కూసోని టైముకు లేస్తే గది నాది. నడుమల్ల లేసొస్తే నీది. సరేనా?"

"సరే. మరి టైము ఎట్ల సూస్తవ్?"

ఆ ఇంట్లో గడియారం లేదు. కార్ఖానా సైరన్ వింటూ లేచేవారు, సైరన్ వింటూ వండేవారు. సైరన్ ఒకరి చెమట కోసం మోగదు కదా! చివరికి ఉపాయం అతనే చెప్పాడు. "నువ్వు బయట కూసోని ఒక పాట మొత్తం పాడు. పాట అయిపోంగనే వస్త."

చర్చిలో ఆడవాళ్ల పాటలకు గొంతు ఎత్తేది సారమ్మే. ఆమెకు వచ్చినవి చాలావరకు చప్పట్లతో గబగబా పాడేవి. నెమ్మదిగా సాగేది ఎనిమిది చరణాల కీర్తన ఒక్కటే. అది శవం లేచే ముందు ఇంట్లో పాడే పాట అని ఆమెకు తెలియక కాదు. ఆ పూట ధ్యాసంతా కొలత మీద ఉంది.

దేవానందానికి ఆ రోజు రెండో షిఫ్టు. పొద్దున్నే కాల్చిన నల్లరాళ్లను ఇనుప తొట్టిలో లోపల పెట్టి, చొక్కా, ధోవతి, చెప్పులు గడప బయట వదిలి, తువ్వాలు చుట్టుకుని తలుపు వేసుకున్నాడు. కూతుళ్లు రూతు, తారామణి చన్నీళ్ల కోసం బావికి వెళ్లారు. రాళ్లు కాల్చిన పొయ్యి పొగ కళ్లలోకి కొడుతుంటే సారమ్మ కళ్లు తుడుచుకుంటూ పాట అందుకుంది.

రెండో చరణంలో ఉండగా పక్కింటి పాపమ్మ పాలచెంబుతో అటు వచ్చింది. ఆ పాట వింది. సారమ్మ కన్నీళ్లు చూసింది. గడప దగ్గర ఖాళీ చెప్పుల జత చూసింది. ఇలాంటప్పుడు ఏమైందని అడిగే అలవాటు వాళ్లలో లేదు. చెంబు కింద పెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, సారమ్మ పక్కన కూలబడి గొంతు కలిపింది.

పాట ఆపితే పరీక్ష చెడగొట్టిందని నింద తనమీద పడుతుంది. సారమ్మ ఆపకుండా 'ఏం లేదు, పో' అన్నట్టు చేయి ఊపింది. ఆ ఊపు చూసి పాపమ్మ ఇంకా పెద్దగా ఏడ్చింది.

ఆ ఏడుపుకు వాడ కదిలింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చుని పాడారు. పదిమంది పాడితే పాట సాగుతుంది, ఏడుస్తూ పాడితే ఇంకా సాగుతుంది. డ్యూటీకి సైకిల్ మీద వెళుతున్న నర్సయ్య తొంగిచూసి, టోపీ తీసి, కార్ఖానాకు కబురు చేరవేయడానికి జోరుగా తొక్కాడు. ఏడో చరణానికి సంఘపెద్ద జోసఫ్ వచ్చాడు.

"పోయిన మనిషికి పాట సగంల అందుకునుడు మర్యాద గాదు. మొదటి సంది పాడుదాం," అన్నాడు.

పాట మళ్లీ మొదలవడం లోపల దేవానందానికి వినిపించింది. ఒళ్లంతా కాలువలు కడుతోంది. తల తిరుగుతున్నట్టే ఉంది. అయినా పాట అయ్యేలోగా లేస్తే గది పోతుంది. పైగా బయట ఆడవాళ్లు, తన ఒంటిమీద తువ్వాలు. గోడకు చేరగిలి, మళ్లీ మొదటి చరణం నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడు కూతుళ్లు బిందెలతో వచ్చారు. ఇంటిముందు జనం, పాట, పాపమ్మ ఏడుపు చూసి, తండ్రి లోపలే ఉడికి పోయాడనుకున్నారు. బిందెలు దభాలున పడ్డాయి. "నాయినా!" అని ఇద్దరూ ఒక్కసారే గొల్లుమన్నారు.

ఆ కేకకు దేవానందం పందెం మరిచి, ఒళ్లు తుడుచుకోవడానికి తెచ్చుకున్న తెల్లదుప్పటి ఒంటికి చుట్టుకుని తలుపు తోసుకుని వచ్చాడు. వెనకే ఆవిరి వచ్చింది.

ముందువరుస లేచి పరుగెత్తింది. వెనకవరుస లేవడానికి వీలుకాక పాట కొనసాగించింది. జోసఫ్ మాత్రం నిలబడ్డాడు, పాపమ్మ అతని కోటు పట్టుకుని ఉంది కాబట్టి.

"ఎవలికైంది బిడ్డా? ఎవలు పోయిన్రు?" అని దేవానందం గాబరాగా అడిగాడు.

"నువ్వే, అన్నా!" అంది పాపమ్మ.

అతను మంచం మీద కూలబడి నీళ్లు అడిగితే బిందెలన్నీ బోర్లా ఉన్నాయి. ఇంతలో నర్సయ్య, వెనక నలుగురు కార్ఖానావాళ్లు సైకిళ్లు దిగారు. నర్సయ్య చేతిలో బంతిపూల దండ ఉంది. దాన్ని ఎక్కడ దాచాలో తోచలేదు.

"అన్నా, ఫోర్మన్ సాబ్ మా అందరికి ఒక్కపూట సెలవిచ్చిండు. గిప్పుడేం జెప్పాలె?"

"జర తక్లీఫ్ అయింది, రెండో షిఫ్టుకు వస్తడని జెప్పు," అన్నాడు దేవానందం.

ఆ గందరగోళంలో పాపమ్మ ఎప్పటిలా నొప్పి మోకాళ్లు పట్టుకుని ఆ గదిలోకే వెళ్లి కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు మోకాళ్లు పట్టుకోకుండా నడిచింది. ఆ నడక సారమ్మ ఒక్కతే గమనించింది.

మధ్యాహ్నం నలుగురూ అన్నానికి కూర్చున్నారు. సారమ్మ అందరికీ చారు పోసి, గొంతు పెంచకుండా చెప్పింది. "రేపటి సంది ఆ గది మా తానాలకు. పాట అయిపోకముందే లేసినవ్, అందరు సూసిన్రు. శనారం నాడు రాళ్లు గాలుస్తం. పాపమ్మొదిన మోకాళ్లకు మంచిగైందంట, నేను గూడ కూసుంట. నువ్వు బయట కూసోని పాడాలె."

కూతుళ్లు తండ్రి ముఖం చూశారు.

"ఏ పాట?" అన్నాడు దేవానందం.

"నీ ఇష్టం. సచ్చినోళ్ల పాట గాకుంటే సాలు."

దేవానందం శనివారంలోగా ఒక్క పాటైనా పూర్తిగా నేర్చుకుందామని పాపమ్మ దగ్గరికి వెళితే, ఆమెకు వచ్చింది ఆ ఒక్కటే.