అర్హులందరు రావాలె

ఆ ఉదయం కాటమయ్య గొర్రెలను తమ్ముడికి అప్పజెప్పి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పంచాయతీ మైకు దగ్గరికి బయలుదేరాడు. ఈసారి సర్పంచిగా నిలబడి తీరాలని ఆయన పట్టుదల. మండలంలో ఓటర్ల సంగతి ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. ఒకచోట ఇంటినిండా పిల్లలే, ఓటర్లు తక్కువ. ఇంకోచోట ఓటర్లున్నా పట్నంలో కూలికి పోయారు. తన ఊళ్లో మాత్రం ఒక్క ఓటూ తప్పిపోకూడదు.

ఓటర్ల పేర్లు సరిచూడటానికి నార్కట్‌పల్లి నుంచి కొత్తగా వచ్చిన అంగన్‌వాడీ టీచరు మెర్సీ బడి వరండాలో కూర్చుంది. కాటమయ్య మైకు అందుకున్నాడు.

"అర్హులందరు బడికాడికి రావాలె! అర్హుల పేర్లు రాస్తున్నరు!"

'ఓటు' అన్న మాట మాత్రం మరిచిపోయాడు. ఆ ఊళ్లో అర్హులంటే పింఛనుకే.

"నడువే వదినె, పింఛన్లు రాస్తున్నరట!" అంటూ పక్కింటి రామమ్మ, కాటమయ్య భార్య నర్సింగమ్మను లాక్కుపోయింది. "జర నడుం వంచు. గట్ల దబదబ నడిస్తే ఎవలిస్తరు?"

బడి దగ్గర నలభై దాటనివాళ్లు కూడా అరవై అయిదు చెబుతున్నారు. నిన్ననే బావిలో దూకి ఈతకొట్టిన పరమేష్ కర్ర పట్టుకుని వణుకుతున్నాడు.

"మొగడు లేనోళ్లకు జల్ది వస్తదట," అని రామమ్మ చెవిలో ఊదిన మాట వరసంతా పాకింది. నర్సింగమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

"మీ ఆయన ఏడమ్మా?" మెర్సీ అడిగింది.

"లేడు బిడ్డా." అబద్ధమేం కాదు, ఆయన మైకు దగ్గరున్నాడు.

"అయ్యో! ఎప్పుడు పోయిండు?"

"పొద్దుగాలనే పోయిండు. చాయ్ గూడ తాగలే."

మెర్సీ గుండె కరిగిపోయింది. ఇంత దుఃఖంలోనూ ఓటు కోసం వచ్చిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. జాబితాలో ఆమె భర్తగా ఉన్న కాటమయ్య పేరు కొట్టేసింది. మైకులో ఆయన గొంతు మోగుతూనే ఉంది.

మండలాఫీసులో అన్ని ఊళ్ల జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూసి అధికారులు నివ్వెరపోయారు. ఈ ఒక్క ఊళ్లోనే పడుచువాళ్లు మాయం, మగవాళ్లు సగం మంది స్వర్గస్థులు. "నీళ్లల్ల ఏదో ఉన్నది," అని ఒకాయన తేల్చాడు. నీళ్ల పరీక్షకు జీపు కూడా వచ్చి వెళ్లింది.

నామినేషన్ల ఆఖరి రోజు కాటమయ్య భార్యతో, డప్పులతో, పూలదండతో ఆఫీసుకు వెళ్లాడు.

"నీ పేరు లేదు. నువ్వు సచ్చిపోయినవ్," అన్నాడు ఆఫీసరు.

"సచ్చినోన్ని డప్పులతోటి వస్తనా సారూ?"

"అట్లనే కదా పోయేది!"

కాటమయ్య భార్య వైపు తిరిగాడు. "ఏందే గిది?"

"నేను లేడనే అన్న. సచ్చినవని ఎప్పుడన్న?"

ఓటరు కానివాడు పోటీకి అర్హుడు కాడు. సరిచేసుకునే గడువు దాటింది. కాటమయ్య భార్యను ముందుకు తోశాడు. "మరి గామె పేరుందా సారూ?"

"ఉంది. ఆమె అర్హురాలే."

దండ నర్సింగమ్మ మెడలో పడింది.

ఎన్నికల్లో ఆమె గెలిచింది. సానుభూతి ఓట్లు బాగా పడ్డాయి. వాటిని ఇంటింటికీ తిరిగి అడిగింది కాటమయ్యే.