కొండ మీద యాంటెన్నా, గదిలో గూడు

పని చేయని యాంటెన్నాను మించి ఊరికి మేలు చేసేది ఇంకొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. నవ్వకండి! ఈ సెప్టెంబరు నుంచి రెండు నెలలపాటు మా కుజుసావా లోయలో తొమ్మిది ఇళ్లలోనూ టీవీ బొమ్మ ముక్కలు ముక్కలైంది. అనుభవించినవాణ్ణి కాబట్టే చెబుతున్నాను.

మా లోయలోకి సిగ్నల్ తనంతట తాను దిగిరాదు. అందుకని కొండ నెత్తిన అందరికీ కలిపి ఒక యాంటెన్నా, దాని పక్కన యాంప్లిఫయర్ పెట్టిన చిన్న రేకుల గది, అక్కణ్ణుంచి ఇంటింటికీ కేబుల్. దానికో సంఘం. సంఘానికో అధ్యక్షుడు, హికిదా తొకుజి అన్న. ఆ గది తాళంచెవి ఇరవై ఏళ్లుగా ఆయన నడుముకే వేలాడుతోంది.

టీవీ పోతే ఎన్ని లాభాలో తెలుసా? వంటల కార్యక్రమంలో సగం వంటే కనబడేసరికి మిగతా సగం మా ఆవిడ కినుయె సొంతంగా కనిపెట్టింది. నేను తిన్నాను. బతికే ఉన్నాను! మంత్రిగారు మాట్లాడుతుంటే ఆయన నోరు ఒక మూల, కళ్లు ఇంకో మూల, మధ్యలో మాట మాయం. ఆ ఉపన్యాసానికి అంతకంటే న్యాయం ఎవరు చేయగలరు చెప్పండి?

ఇంకా పెద్ద లాభం, కందిరీగ మీద గౌరవం పెరిగింది. మా లోయలో మగవాళ్లకి కందిరీగల పిచ్చి. వేసవిలో చేప ముక్కకి, ఎగిరినా కంటికి ఆనేలా తెల్లటి పీచు కట్టి ఎర వేయడం, అది పట్టుకుని ఎగిరే కందిరీగ వెనక ముళ్లూ గోతులూ చూడకుండా పరుగెత్తడం, గూడు తవ్వి తెచ్చి చెక్కపెట్టెలో పెంచడం. నవంబరులో ఎవరి గూడు బరువో పోటీ. ఆపైన లోపలి పిల్లపురుగులు అన్నంలోకి! ఆ కందిరీగకి యాంప్లిఫయర్ ఉందా? సంఘం ఉందా? తలమీద రెండు మీసాలు, అంతే. వాటితోనే ఎక్కడో ఉన్న చేప వాసన పట్టేస్తుంది. రోజుకి పదిసార్లు ముందుకాళ్లతో వాటిని తుడుచుకుంటుంది. మా యాంటెన్నాని మేము ఆఖరుసారి ఎప్పుడు తుడిచామో సంఘం మినిట్స్ పుస్తకానికి కూడా తెలియదు.

ఈ లాభాలు ఒప్పుకోని మనిషి ఊళ్లో ఒక్కరే, మిత్సుయో మామ్మగారు. ఎనభై ఆరేళ్లు. కొండదారి మొదట్లోనే ఇల్లు. ఆవిడకి సుమో కుస్తీ ఉంటే తిండి అక్కర్లేదు. అందులోనూ పక్క ఊరి మల్లుడు తానిహొషి అంటే ప్రాణం. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చాయి, మోకాళ్లు పోయాయి, సెప్టెంబరు పోటీలే ఆఖరని చెప్పేశాడు. పదిహేను రోజుల పోటీ.

"తొకుజీ, పిల్లాడి తల ఒకచోట, గోచీ ఒకచోట కనిపిస్తున్నాయి నాయనా. ఎవరు గెలిచారో ఎలా తెలుస్తుంది?" అని ఆవిడ మొత్తుకుంది.

"వాతావరణం బాలేదు మామ్మా. నా చేతిలో ఏముంది?" అన్నాడు తొకుజి అన్న. ఆకాశం అద్దంలా ఉంది.

ఏడో రోజున నాకు అనుమానమొచ్చి కొండెక్కాను. రేకుల గది కిటికీ సందులోంచి కందిరీగలు బారులు తీరి వెళ్తున్నాయి, వస్తున్నాయి. లోపల తొకుజి అన్న తను పెంచుతున్న గూడు ముందు మోకరిల్లి ఉన్నాడు. యాంప్లిఫయర్ వెచ్చదనానికి గూడు పెరిగిపోయి, చెక్కపెట్టెని పగలగొట్టుకుని యాంప్లిఫయర్‌నే మింగేసింది. వైరు సరిచేయాలంటే గూడు విరగ్గొట్టాలి.

"పదకొండేళ్లుగా రెండో బహుమతేరా తమ్ముడూ," అన్నాడాయన, కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. "ఇంటి దగ్గర పెడితే ఎలుగు తినేస్తోంది. నవంబరు దాకా నోరు మూసుకో. పెద్ద గిన్నెడు కందిరీగన్నం నీది."

"చిన్న గిన్నె కాదు కదా?"

"చెప్పాను కదరా, పెద్దదే!"

నేను నోరు మూసుకున్నాను. పరిపాలన అన్నాక కొన్ని రహస్యాలు ఉండాలి మరి! తరవాత తెలిసింది, నాలాగే మిగిలిన ఆరిళ్ల వాళ్లూ ఒక్కొక్కరే కొండెక్కారు, ఒక్కొక్కరే చూశారు, ఒక్కొక్కరే పెద్ద గిన్నెకి ఒప్పుకున్నారు. మామ్మగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆవిడ కందిరీగలు తినదు. ఆవిడకి ఏం ఇచ్చి ఒప్పిస్తాం?

తానిహొషి ఆఖరి కుస్తీ ముక్కలు ముక్కలుగా వెళ్లిపోయింది. నవంబరులో గూడు ఆరున్నర కిలోలు తూగింది. మొదటి బహుమతి! అదే రోజు టీవీ అద్దంలా వెలిగింది. సంఘం ఇంట్లో విందు. తొకుజి అన్నని మళ్లీ అధ్యక్షుణ్ణి చేద్దామంటే అందరి చేతులూ లేచాయి, ఒక చేత్తో గిన్నె పట్టుకునే.

అప్పుడు తలుపు తీసుకుని మిత్సుయో మామ్మగారు వచ్చింది. చేతిలో బుట్టెడు ఉడికించిన చిలగడదుంపలు.

"అరుగు మీద కూచుని అన్నీ చూస్తూనే ఉన్నాను," అంది. "నేను సుమో కోసం గోల పెట్టానని, ఈ ఏడుగురూ ఒకరి తరవాత ఒకరు ఆ కొండెక్కారు. బాగుచేయడం చేతకాకపోతే ఏం? ఒక ముసలిదాని కోసం ఇంత కష్టపడే ఊరు ఇంకెక్కడైనా ఉందా!"

తొకుజి అన్న తల నేలకి ఆనేలా వంగి దండం పెట్టాడు. మేమంతా వంగాం. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆవిడ ఒక్కొక్కరి ముందూ ఆగి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క దుంప పెట్టింది. నా చేతిలో పెట్టేది మాత్రం కాస్త పెద్దది ఏరింది. "నువ్వే కదా నాయనా, అందరికంటే ముందు ఎక్కింది" అంది.