దోమపోటుకు సన్మానం చేద్దాం

వరికి దోమపోటు వచ్చిందని ఏడ్చేవాళ్లంటే నాకు మహా చిరాకు! మిర్యాలగూడ చుట్టుపక్కల ఇంత ఐకమత్యం తెచ్చిందెవరు? పల్లెపల్లెకూ టెక్నాలజీ దించిందెవరు? వరి రసం పీల్చే నువ్వుగింజంత దోమ! దానికి శాలువా కప్పాల్సింది పోయి శాపనార్థాలా?

నమ్మకపోతే మాడుగులపల్లి సైదయ్య సంగతి వినండి. ఆయనకున్నది రెండెకరాల వరి, అదీ కాలువ చిట్టచివర. ఏడాదంతా ఇంటిల్లిపాదీ తినేదీ, అమ్ముకునేదీ అదే. పైరు పొట్టకొచ్చిన వేళ మడి నడుమ చాపంత మేర పసుపు రంగుకు తిరిగింది. నాలుగు రోజుల్లో సుడి చుట్టినట్టు ఎండిపోయింది.

అంతే, సైదయ్య ఇక ఒంటరివాడు కాడు! ఏనాడూ పలకరించనివాళ్లు గట్టు మీదికొచ్చి తలో మందు చెప్పారు. వాట్సాప్ గ్రూపులో ఎండిన ఆకు ఫొటో పెడితే పావుగంటలో పదకొండు తెగుళ్లు తేలాయి. వాటిలో రెండు మిరపకు వచ్చేవి, ఒకటి గొర్రెలకు వచ్చేది. ఇంత వైద్యం పెద్ద దవాఖానలోనైనా దొరుకుతుందా?

మిర్యాలగూడలో పురుగుమందుల దుకాణం నడిపే శ్యాంసుందర్ ఆ ఫొటో కూడా చూడలేదు. రైతు మొహం చూసి పైరు రోగం చెప్పగల దిట్ట ఆయన! మూడు సీసాలు ముందు పెట్టి కలిపి కొట్టమన్నాడు. పైరు బలానికి ఇంకో టానిక్ అంటగట్టాడు. దాంతో దోమే బలిసిందని గిట్టనివాళ్లు అంటుంటారు.

ఆ తర్వాత డ్రోన్ వచ్చింది. ఊరంతా పనులు మానుకుని చూసింది. సైదయ్య దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. డ్రోన్ పైనుంచి మందు చల్లింది. దోమ కింద, దుబ్బు మొదట్లో, నీళ్లకు బెత్తెడు పైన కూర్చుంది. ఎవరి పని వారు చేసుకున్నారు, ఒకరి జోలికి ఒకరు పోలేదు. ఇంతకన్నా మర్యాద ఎక్కడుంటుంది? చాపంత మచ్చ కల్లమంత అయింది.

ఈ సంబరంలో వంగి చూసింది ఆయన భార్య కాటమ్మ ఒక్కతే. నాట్లకూ కలుపుకూ ముప్పయ్యేళ్లుగా ఆ మడుల్లో వంగుతున్న మనిషి. దుబ్బును అరచేత్తో తట్టింది. నీళ్ల మీద దోమ ఊకలా తేలింది.

"మందు మీద కొడ్తున్నరు, దోమ కింద ఉన్నది. నీళ్లు తీసెయ్యి. నడుమ పాయలు తీసి గాలి ఆడనియ్యి," అంది.

సైదయ్య గట్టుకు అడ్డంగా నిలబడ్డాడు. తూము దగ్గర తొమ్మిది రోజులు కాపలా కాసి, పైమడి సురేందర్‌తో తగువుపడి తెచ్చుకున్న నీళ్లవి.

"నా పెయ్యిల నెత్తురు తియ్యమను, తీస్త. నీళ్లెట్ల తీస్తనే?"

తీయలేదు. ఇంకో మూడు రోజులు చూశాడు, ఎకరం పోయింది. నాలుగో రోజు పొద్దున్నే పార తీసుకుని గట్టు తెంపాడు. నీళ్లు వాగులోకి పోతుంటే అందరిముందే ఏడ్చాడు. కాటమ్మ వరుసల మధ్య పైరును ఇటూ అటూ వంచి పాయలు తీసింది. మొదళ్లు ఆరాయి, దోమ పల్చబడింది, మిగిలిన ఎకరం గింజ పట్టింది.

ఇక చూడండి మహిమ! రైతులంతా వచ్చి ఏం మందు కొట్టావని అడిగారు. నీళ్లు తీశానన్నాడు. నవ్వారు. భార్య చెబితే తీశానన్నాడు. ఇంకా నవ్వారు. పక్కవాళ్ల పొలాలు ఎండుతుంటే మందు పేరు దాస్తున్నాడని తిట్టిపోశారు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మకపోయేసరికి విసిగిపోయి, గట్టున పడున్న ఖాళీ సీసా ఎత్తి చూపించాడు. ఎవరో ఫోన్‌లో ఫొటో తీశారు.

సాయంత్రానికి శ్యాంసుందర్ దుకాణంలో సరుకు ఖతం! మర్నాడు బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీ లేచింది. సీసా పట్టుకున్న సైదయ్య బొమ్మ, కింద 'మా మందుతో దోమను జయించిన ఆదర్శ రైతు' అని అక్షరాలు. ఆ పేరుతో ఏ రైతునైనా ఇంత తొందరగా గుర్తించారా ఎప్పుడైనా?

సురేందర్ పైరుకూ దోమ తగిలింది. పాత తగువు పక్కన పెట్టి కాటమ్మే వెళ్లింది. ఆయన మడిలో దిగి, దుబ్బు తట్టి దోమను చూపించి, నీళ్లు వదలమని బతిమాలింది.

సురేందర్ చేతిలో మందు పంపు ఉంది. దాన్ని భుజానికి తగిలించుకున్నాడు.

"నువ్వు చెప్తే ఎట్ల నమ్మాలె వదినా? బస్టాండ్ కాడ నీ పెనిమిటే మందు కొట్టమంటుండు గద!"