సారపప్పు పెంకుల నివేదిక

అడవి పెద్దదే గానీ, అందులో పరిశోధన చేసే బుర్ర ఒక్కటే ఉండేది. అది ఉడుత వీరాస్వామిది. ఆహార పరిశోధన సంస్థకు డైరెక్టరూ ఆయనే, ఊడ్చేవాడూ ఆయనే. పన్నెండేళ్ళుగా ఆయన చేసిన పరిశోధన ఏమిటయ్యా అంటే, సారపప్పు గింజలు కొరికి, పప్పు తిని, పెంకులు తొర్ర కింద పారేయడం.

పెంకులు గుట్టయ్యాయి. ఒకరోజు అడవి సభ అధ్యక్షుడు, ఎలుగుబంటి భూపాలరావు, ఆ గుట్ట మీద కాలు జారి వెల్లకిలా పడ్డాడు.

"వానలు పడేలోగా ఈ చెత్త పోవాలి. లేదంటే తొర్ర ఖాళీ చెయ్!" అని హుకుం వేసి, నడుం పట్టుకుని వెళ్ళిపోయాడు.

తొర్రలో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు నలుగురు. భార్య సింహాచలం నెత్తి కొట్టుకుంది. "ఏమయ్యా, ఇంత చదివావు, చెత్త ఎత్తడం చదవలేదా?"

"ఎత్తితే కూలివాడంటారే. దాని మీద నాలుగు ముక్కలు రాస్తే శాస్త్రవేత్త అంటారు" అన్నాడు వీరాస్వామి. అన్నాక తన మీద తనకే నవ్వొచ్చింది.

ఆనపకాయ బుర్రలో పెంకులు నానబెట్టాడు. నీళ్ళు ఎర్రగా, వగరుగా దిగాయి. అందులో ఒంటికి మేలు చేసే సారం ఉందని ఆయనకు తెలుసు. అది కడుపులోకి పోయాక పేగులు పీల్చుకుంటాయో లేదో మాత్రం తెలీదు. ఆ సంగతి రాస్తే నివేదిక పలచబడుతుందని వదిలేశాడు. "పప్పు కంటే పెంకే బలం" అని రాసి సంతకం పెట్టాడు.

ఆయన లెక్క తేలికే. కుందేళ్ళూ జింకలూ బుట్టలతో వచ్చి పెంకులు మోసుకుపోతాయి, వాకిలి శుభ్రం, పప్పు మనకి.

సభలో నివేదిక విన్న భూపాలరావు కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇంత బలమైన సరుకు మామూలు జనానికా? మతుండే మాట్లాడుతున్నావా? పెంకులన్నీ సభ్యులకి. ఆ నాసిరకం పప్పు జనానికి పంచిపెట్టండి!"

వీరాస్వామి నోరు తెరిచాడు. తొర్ర గుర్తొచ్చి మూసుకున్నాడు.

మూడు వారాల్లో వాకిలి అద్దంలా అయింది. కుందేళ్ళు నిగనిగలాడుతూ గెంతుతున్నాయి. సభ్యులు మాత్రం పొట్టలు పట్టుకుని పొదల్లోకి పరిగెడుతున్నారు.

ఓ పొద్దున పేడపురుగు గవరమ్మ ఒక ఉండ దొర్లించుకుంటూ వచ్చింది.

"బాబూ, ఇది అధ్యక్షుల వారిది. నమిలిన పెంకు నమిలినట్టే ఉంది. నీళ్ళలో వేసి చూశాను, నీ బుర్రలో దిగినంత ఎరుపూ దిగింది. నువ్వు చెప్పిన సారం వాళ్ళ కడుపులో ఎక్కడా ఆగలేదయ్యా, ఇటు నుంచి వచ్చి అటు వెళ్ళిపోయింది."

"ముందే చెప్పొచ్చుగా గవరమ్మా!"

"అడిగావా? బుర్రనడిగావు, నీళ్ళనడిగావు. ఇన్నేళ్ళుగా కడుపుల సంగతి చూస్తున్నదాన్ని, నన్నడిగావా?"

వీరాస్వామికి సిగ్గుతో తోక ముడుచుకుపోయింది. పన్నెండేళ్ళ చదువు ఒక పేడ ఉండ ముందు తేలిపోయింది. ఇక దాచి బతకలేననుకుని, తొర్ర పోతే పోయిందని తిన్నగా సభకు వెళ్ళాడు.

"అయ్యగారూ, తప్పు రాశాను. పెంకులో బలం ఉంది గానీ పేగులకు అందదు. నేను బుర్రలో చూశాను, కడుపులో చూడలేదు. నన్ను తీసెయ్యండి."

పాలిపోయిన మొహంతో భూపాలరావు పొట్ట నిమురుకున్నాడు.

"అంటే మూడు వారాలుగా నేను తిన్నది చెత్తన్నమాట."

"అవునండీ."

"అడవి మొత్తం చూస్తుండగా."

"అవునండీ."

"అయితే నీ నివేదికలో తప్పు లేదు!" అని గర్జించాడు భూపాలరావు. "అధ్యక్షుడు చెత్త తింటాడా? తొర్ర నీకు శాశ్వతం. నిన్ను సభ్యుణ్ణి కూడా చేస్తున్నాను. రేపటి నుంచి నువ్వూ మాతోనే భోంచెయ్."

అప్పటి నుంచి సింహాచలమూ పిల్లలూ జనంతో పాటు పప్పు తింటున్నారు. వీరాస్వామి మాత్రం రోజూ సభలో అందరి ఎదుటా గుప్పెడు పెంకులు నమిలి, "ఆహా, ఏం బలం!" అని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

కనక చదువుకున్నవాళ్ళకి చెప్పేదేమంటే, తప్పు ఒప్పుకోదలిస్తే పైవాళ్ళు దాన్ని మింగకముందే ఒప్పుకోండి.