చీరకు చేపిన బర్రె

ఆ రోజు పొద్దున కాటయ్య వేసుకున్న ఎత్తుగడ చిన్నదే. మోతె ఊరు లేవకముందే బర్రెను పితకాలి, ఒంటికి చుట్టుకున్న చీర విప్పి దండెం మీద వెయ్యాలి, ఆ తర్వాత వెన్న కాచాలి. చీర ఆయన భార్య ముత్తమ్మది. రెండు నెలల కిందట నలుగురిలో "పోతే పో" అన్నాడని ఆమె మూడేళ్ల లక్ష్మిని చంకనేసుకుని కోదాడలోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. ఇక తెగదెంపులే కావాలంది.

పోలీసు చర్య జరిగి ఏడాది కాలేదు. కోర్టు గడప ఎటుంటుందో వాళ్లకు తెలియదు, కులపెద్దలే దిక్కు. సూర్యాపేట నుంచి వచ్చిన పెద్దమనిషి నర్సయ్య అప్పటికి ఒక మాట చెప్పి వెళ్లాడు.

"పంచాయితి తెగేదాక తల్లీబిడ్డల తిండి నీదే. నెలనెలా జొన్నలు, వారానికి సోలెడు నెయ్యి పంపాలె. నువ్వు మాత్రం ఆ గడప తొక్కొద్దు. నెయ్యి ఆగినా, ఇంట్ల ఇంకో ఆడమనిషి అడుగువెట్టినా అదే రోజు తెంచేస్త. బిడ్డను మరిచిపో."

జొన్నలు గాదెలో ఉన్నాయి. నెయ్యి మాత్రం బర్రె దగ్గరుంది, ఆ బర్రె ముత్తమ్మకు తప్ప ఎవరికీ పాలు చేపదు. నాలుగు రోజులు తన్నులు తిన్నాక కాటయ్య ఆమె వదిలిపోయిన పాత చీర చుట్టుకుని కూర్చున్నాడు. బర్రె వాసన చూసి చేపింది. మోసపోయిందో, పోనీలే అనుకుందో తెలియదు. పాలయ్యాక కూడా ఆయన కాసేపు ఆ చీరతోనే కూర్చునేవాడు. ఇంట్లో మాట్లాడే మనిషి లేక, ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి బర్రెకే చెప్పుకునేవాడు.

ఆ పొద్దున పొరుగింటి పోచమ్మ నిప్పు కోసం ముందే లేచింది. కొట్టంలో ముసుగేసుకున్న ఆడమనిషి వీపు కనిపించింది.

"ఎవలమ్మా నువ్వు?"

కాటయ్య ముసుగు ఇంకా కిందికి లాక్కుని ఇంట్లోకి పరుగెత్తాడు. అంత సిగ్గుపడేది కొత్త పెళ్లికూతురే అని పోచమ్మ తేల్చేసింది. కాసేపటికి ధోతితో బయటికొచ్చిన ఆయన్ను పట్టుకుంది.

"పాలు పిండిందెవలు అన్నా?"

నేనే అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. "సుట్టపామె," అన్నాడు.

ఆ మాట సూర్యాపేట అంగడికి చేరేసరికి ఆ చుట్టం పడుచుదైంది. మిర్యాలగూడలో ఆమెకూ కాటయ్యకూ మారుమనువు జరిగిపోయింది. కోదాడ చేరేసరికి ఆమెకు మూడో నెల.

నాలుగో రోజు సాయంత్రం నర్సయ్యను బండెక్కించుకుని, బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముత్తమ్మే వచ్చింది. కొట్టం తడిక సందులోంచి చూస్తే ముసుగేసుకున్న మనిషి మాపటి పాలు పిండుతోంది.

"నా చీరే కట్టింది, చూడండి పెదనాన్నా." కోపం కంటే ముందు ఆమెకు ఏడుపొచ్చింది. విసురుగా వెళ్లి ముసుగు లాగింది. చీర కింద మీసాలు కనిపించాయి.

"నాయిన," అని లక్ష్మి నవ్వింది.

సంగతంతా విన్న నర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆడమనిషి లేనట్టే. కాని బర్రె ముత్తమ్మకే చేపుతది గద, దాన్నే కోదాడకు తోలుకపోనీ. ఇగ నీకు నెయ్యి పరేషాన్ ఉండదు."

కాటయ్య బర్రె తలుగు విప్పి తనే ముత్తమ్మ చేతికిచ్చాడు. చీర మడతపెట్టి గుండెకు ఆనించుకున్నాడు.

"బర్రెను తోలుకపోండ్రి. గీ చీర ఒక్కటి ఉండనియ్యిండ్రి."

"బర్రె లేనిదానికి చీరెందుకురా?" అన్నాడు నర్సయ్య.

కాటయ్య పొయ్యి పక్కన తను చేసుకున్న ఒంటి రొట్టె వైపు చూశాడు. ముత్తమ్మ కూడా అటే చూసింది. తలుగు మళ్లీ గుంజకు కట్టేసింది.

"పాలు సగమే పిండాడు. పొదుగు పాడవుద్ది," అంటూ ముంత అందుకుంది.

"మరి పంచాయితో?" అన్నాడు నర్సయ్య.

"తెగేదాకా ఇక్కడే ఉంటాను లెండి."

పంచాయితీ ఇంకా తెగలేదు. బర్రె మాత్రం ఆ తర్వాత మూడుసార్లు ఈనింది.